బడికి తాళం ఎందుకు పడింది? కోవిడ్ కాలంలో ఉపాధ్యాయుల అనారోగ్యం నేర్పిన పాఠం

కోవిడ్ మహమ్మారి కాలంలో పాఠశాలల మూసివేత గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా పిల్లలనే తలచుకుంటాం. అది సహజమే. యునిసెఫ్ లెక్క ప్రకారం 2020లో భారతదేశంలో 15 లక్షల పాఠశాలలు మూతపడ్డాయి. 24.7 కోట్ల మంది బాలబాలికల చదువుకు ఆటంకం కలిగింది. అయితే బడి అంటే పిల్లలు మాత్రమే కాదు. పాఠం చెప్పే ఉపాధ్యాయులు, మధ్యాహ్న భోజనం వండే కార్మికులు, ఆయాలు, వసతి గృహాల వార్డెన్లు అందరూ కలిస్తేనే బడి నడుస్తుంది. వీరిలో కొందరు మంచాన పడితే ప్రభుత్వ ఉత్తర్వు లేకుండానే బడి ఆగిపోతుంది.

మొదటిసారి పాఠశాలలను మూయించింది ముందుజాగ్రత్త. తెరిచిన తర్వాత అవి తడబడటానికి, మళ్లీ మూతపడటానికి సిబ్బంది అనారోగ్యం, ఆ భయం కూడా కారణమయ్యాయి. ఈ రెండింటికీ ఉన్న తేడాను అర్థం చేసుకుంటే, మరో అంటువ్యాధి వచ్చినప్పుడు ఏం చేయాలో కొంత స్పష్టమవుతుంది.

తొలి మూసివేత వెనుక ఆలోచన

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 16న దేశవ్యాప్తంగా విద్యాసంస్థలను మూసివేయాలని కేంద్రం సూచించింది. కొన్ని రాష్ట్రాలు అప్పటికే ఆ పని చేశాయి. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది.

ఆనాటి నిర్ణయానికి ఇన్‌ఫ్లుయెంజా అనుభవం ఆధారం. ఫ్లూ జ్వరాలు బడి పిల్లల మధ్య వేగంగా పాకి, వారి ద్వారా ఇళ్లకు చేరతాయని వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలుసు. కొత్త వైరస్ కూడా అదే దారిలో నడుస్తుందని ప్రభుత్వాలు భావించాయి. కానీ, కోవిడ్ తీరు వేరుగా ఉంది. పిల్లలకు వైరస్ సోకినా ఎక్కువమందిలో జబ్బు తీవ్రం కాలేదు. వయసు పెరిగే కొద్దీ ముప్పు పెరిగింది. అంటే తరగతి గదిలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నది బల్ల మీద కూర్చున్న విద్యార్థి కన్నా నల్లబల్ల ముందు నిలబడిన యాభై ఏళ్ల ఉపాధ్యాయుడే.

ఈ సంగతి తేలిన తర్వాత కూడా నిబంధనలు చాలావరకు పిల్లలను దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి.

ఒక్కరు జబ్బు పడితే ఏమవుతుంది?

దీనిని అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క చాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఐదు తరగతులనూ ఆ ఇద్దరే చూసుకోవాలి. ఒకరికి కోవిడ్ నిర్ధారణ అయితే, అదే గదిలో కూర్చుని భోజనం చేసిన రెండోవారు సన్నిహితంగా మెలిగినవారి జాబితాలో చేరతారు. అప్పటి మార్గదర్శకాల ప్రకారం వారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. రెండోవారికి పరీక్షలో నెగెటివ్ వచ్చినా బడి మూతపడక తప్పదు.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఈ లెక్క కూడా అక్కరలేదు. దేశంలో అలాంటి బడులు దాదాపు 1.1 లక్షలు ఉన్నాయని, 11 లక్షలకు పైగా ఉపాధ్యాయ ఖాళీలు ఉన్నాయని యునెస్కో 2021లో భారత విద్యా స్థితిపై విడుదల చేసిన నివేదిక పేర్కొంది. ఉపాధ్యాయులు లేనిదే తరగతి లేదన్న అర్థం వచ్చే పేరునే ఆ నివేదికకు పెట్టారు. ఈ ఖాళీలు కోవిడ్ తెచ్చినవి కావు. మామూలు రోజుల్లో ఎలాగో సర్దుకుపోయిన కొరత, మహమ్మారి వచ్చేసరికి తాళంగా మారింది.

ఆంధ్రప్రదేశ్ గణాంకాలను ఎలా చదవాలి?

2020 నవంబర్ 2న ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది, పది తరగతులకు పాఠశాలలు తిరిగి తెరుచుకున్నాయి. మూడు రోజులు తిరగకముందే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కోవిడ్ నిర్ధారణ అయిందన్న వార్త దేశమంతటా సంచలనమైంది. బడులు తెరవడమే పొరపాటన్న విమర్శలు వచ్చాయి.

అంకెలను పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పుడు బడికి వచ్చిన విద్యార్థులు దాదాపు 4 లక్షలు, హాజరైన ఉపాధ్యాయులు 99 వేలకు పైగా. 262 మంది అంటే విద్యార్థుల్లో 0.1 శాతం కూడా కాదని పాఠశాల విద్యాశాఖ అప్పట్లో వివరించింది. ఉపాధ్యాయుల్లో ఈ నిష్పత్తి సుమారు 0.16 శాతం. అంటే విద్యార్థుల కంటే రెట్టింపుకు పైనే.

మరొక సంగతి ఉంది. వైరస్ సోకిన నాటి నుంచి లక్షణాలు కనిపించడానికి అప్పట్లో సగటున ఐదారు రోజులు పట్టేది. ఒక్కోసారి 14 రోజులు కూడా పట్టేది. కాబట్టి మూడు రోజుల్లో బయటపడిన కేసుల్లో అధిక భాగం బడి బయట సోకినవే అయి ఉండాలి. ఆ అంకెలు బడిలో వ్యాప్తిని కొలవలేదు. ఊళ్లో అప్పటికే ఉన్న వ్యాప్తి పరీక్షల వల్ల బయటపడింది. అయినా ఆందోళన అర్థరహితమేమీ కాదు. పరీక్ష చేయకపోయి ఉంటే ఆ 160 మందిలో చాలామంది తెలియకుండానే తరగతి గదుల్లో ఉండేవారు.

తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులు మొదలయ్యాయి. ఏడు వారాలకే పరిస్థితి మారింది. గురుకులాలు, వసతి గృహాల్లో కేసులు బయటపడటంతో మార్చి 24 నుంచి విద్యాసంస్థలను మళ్లీ మూసివేశారు. పగటి బడికీ వసతి బడికీ వ్యాప్తి తీరులో తేడా ఉంటుంది. గురుకులంలో పిల్లలు, సిబ్బంది ఒకే చోట తిని, ఒకే చోట నిద్రిస్తారు. ఒక వంట మనిషికి జబ్బు చేస్తే వందలమంది భోజనానికే ఇబ్బంది. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరవబోయే ముందు రోజు తెలంగాణ హైకోర్టు గురుకులాలను తెరవవద్దని మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి.

బడి మూసినా ఉపాధ్యాయుడు ఇంట్లో లేడు

బడులు మూసి ఉంటే ఉపాధ్యాయులు క్షేమంగా ఇంట్లో ఉన్నారన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవం వేరు. ఇంటింటి సర్వేలు, రేషన్ పంపిణీ, క్వారంటైన్ కేంద్రాల పర్యవేక్షణ వంటి పనులు అనేక రాష్ట్రాల్లో వారికే అప్పగించారు. 2020 మేలో విశాఖపట్నం జిల్లాలో మద్యం దుకాణాల వద్ద జనాన్ని వరుసలో నిలబెట్టే పని కూడా కొందరు ఉపాధ్యాయులపై పడటం వివాదమైంది.

అన్నిటికన్నా విషాదకరమైన ఉదంతం ఉత్తరప్రదేశ్‌లో జరిగింది. రెండో విడత ఉధృతంగా ఉన్న 2021 ఏప్రిల్‌లో అక్కడ నాలుగు దశల్లో పంచాయతీ ఎన్నికలు నిర్వహించారు. మే 2న ఓట్లు లెక్కించారు. ఆ విధుల్లో పాల్గొని 1,621 మంది ఉపాధ్యాయులు, సిబ్బంది మరణించారని ఉపాధ్యాయ సంఘం జాబితా విడుదల చేసింది. విధి నిర్వహణలో మరణించినవారు ముగ్గురేనని ప్రభుత్వం తొలుత ప్రకటించింది.

ఇంత వ్యత్యాసం ఎలా వచ్చింది? ఎన్నికల నిబంధనల ప్రకారం ఉద్యోగి ఇల్లు విడిచి విధికి వెళ్లి తిరిగి ఇల్లు చేరేలోగా మరణిస్తేనే అది విధి నిర్వహణలో మరణం. ప్రమాదాలను, హింసను దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన అది. పోలింగ్ కేంద్రంలో వైరస్ సోకిన మనిషికి జ్వరం వచ్చేది వారం తర్వాత. మరణం సంభవిస్తే అది మరికొన్ని రోజులకు. ఆ గీత లోపల అలాంటి మరణం పట్టదు. విమర్శల తర్వాత ప్రభుత్వం నిబంధన మార్చింది. ఎన్నికల విధి నాటి నుంచి 30 రోజుల్లోపు కోవిడ్‌తో మరణించినవారి కుటుంబాలకు రూ. 30 లక్షల పరిహారానికి అర్హత కల్పించింది. ఇతర శాఖల సిబ్బందితో కలిపి రెండు వేలకు పైగా కుటుంబాలు అర్హత పొందాయి. నిర్వచనంలో ఒక్క వాక్యం మారితే ముగ్గురు అన్న అంకె వేలల్లోకి వెళ్లింది.

టీకా వరుసలో ఎక్కడ?

ఉపాధ్యాయులకు టీకాలో ప్రాధాన్యం ఇవ్వాలని యునెస్కో 2020 డిసెంబర్‌లోనే కోరింది. భారత్‌లో టీకా కార్యక్రమం 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలైంది. తర్వాత పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల వంటి ముందువరుస సిబ్బందికి, మార్చి నుంచి వయసును బట్టి ఇతరులకు వేశారు. దేశవ్యాప్త జాబితాలో ఉపాధ్యాయులు ప్రత్యేక వర్గం కాలేదు. సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవం లోపు వారందరికీ టీకా వేయాలని, అందుకు అదనంగా 2 కోట్ల డోసులు ఇస్తామని కేంద్రం చెప్పింది 2021 ఆగస్టు చివరి వారంలో. అప్పటికి రెండో విడత ముగిసింది.

ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు మరో కష్టం తోడైంది. ఫీజులు రాక యాజమాన్యాలు జీతాలు ఆపడంతో ఎందరో కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు మళ్లారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు రూ. 2,000, 25 కిలోల బియ్యం ప్రకటించింది. జబ్బు చేస్తే జీతంతో కూడిన సెలవు దొరకని మనిషి జ్వరాన్ని దాచిపెట్టి పనికి వస్తాడు. అంటువ్యాధి కాలంలో అది ఆ ఒక్కరి సమస్యగా మిగలదు.

గదుల లెక్క, గాలి లెక్క

2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు ఈ ఆచరణ సమస్యే ముందుకు వచ్చింది. పరీక్ష రాయాల్సినవారు 5 లక్షలకు పైనే. గదికి 15 నుంచి 18 మంది చొప్పున కూర్చోబెడితే 34 వేలకు పైగా గదులు కావాలి. అన్ని గదులు, వాటిలో గాలి ప్రసరణ, అంతమంది సిబ్బంది ఎలా సమకూరుతారని ధర్మాసనం ప్రశ్నించింది. ఒక్క ప్రాణం పోయినా రాష్ట్రమే బాధ్యత వహించాల్సి వస్తుందని హెచ్చరించింది. రాష్ట్ర ప్రభుత్వం పరీక్షలను రద్దు చేసింది.

పొరుగు దేశాలూ ఇదే ఊగిసలాటను చూశాయి. పాకిస్తాన్ 2020 సెప్టెంబర్‌లో బడులు తెరిచి నవంబర్‌లో మళ్లీ మూసింది. బంగ్లాదేశ్ 2020 మార్చి 17న మూసిన బడులను 2021 సెప్టెంబర్ 12న గాని తెరవలేదు. అంటే దాదాపు 18 నెలలు.

పిల్లలు చెల్లించిన మూల్యం

సిబ్బంది ఆరోగ్యాన్ని కాపాడటానికి బడులను మూసి ఉంచడమే మార్గమా? ఆ మార్గానికి అయిన ఖర్చు కూడా మన ముందే ఉంది. టీవీ పాఠాలు, ఆన్‌లైన్ తరగతులు అందరికీ చేరలేదు. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల పిల్లలపై జరిగిన ‘స్కూల్’ సర్వేలో, గ్రామాల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతమే అని తేలింది. 37 శాతం మంది అసలు చదవడం లేదు.

గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన ‘అసర్’ సర్వే ప్రకారం, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉండగా 2022లో 20.5 శాతానికి తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 22.6 నుంచి 10.3 శాతానికి, తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయింది. టీవీ పాఠాలను పకడ్బందీగా నడిపిన కేరళలోనూ 52.1 నుంచి 38.7కి తగ్గింది. 2024 సర్వే నాటికి జాతీయ సగటు 27.1 శాతానికి చేరి దాదాపు పాత స్థితికి వచ్చింది. బడి తెరిచి ఉంటే, ఉపాధ్యాయులు తరగతిలో ఉంటే, పోయినది తిరిగి వస్తుందనడానికి ఇది ఆశాజనకమైన సూచన. కానీ నాడు మూడో తరగతిలో ఉన్న పిల్లలందరూ కోల్పోయినది తిరిగి పొందారని ఈ అంకె చెప్పదు. 2024లో మూడో తరగతి చదివినవారు వేరే పిల్లలు.

మరోసారి వస్తే?

పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యం ఒకదానికొకటి పోటీ అన్నట్టుగా ఆనాడు చర్చ సాగింది. పైన చూసిన వివరాలు వేరే సంగతి చెబుతున్నాయి. ఉపాధ్యాయులను కాపాడుకున్నంత మేరకే బడి తెరిచి ఉంటుంది.

అందుకు కావలసినవి అసాధ్యమైనవేమీ కావు. టీకా వంటి రక్షణ అందుబాటులోకి వస్తే బడి సిబ్బందికి ముందు వరుసలో చోటివ్వాలి. వారిలో వంట కార్మికులు, ప్రైవేటు ఉపాధ్యాయులు కూడా ఉండాలి. ఒకరు సెలవు పెడితే ఆదుకునే అదనపు ఉపాధ్యాయులు మండల స్థాయిలో సిద్ధంగా ఉండాలి. అది జరగాలంటే ముందు ఖాళీలు భర్తీ కావాలి. తరగతి గదుల్లో గాలి ధారాళంగా ఆడాలి. అంటువ్యాధి సమయంలో బోధనేతర విధులు అప్పగిస్తే, దాని వల్ల కలిగే జబ్బుకు, మరణానికి పరిహారం ఎలా లెక్కిస్తారో ముందే రాసిపెట్టాలి.

వీటిలో చాలావరకు మహమ్మారి లేని రోజుల్లో చేయాల్సిన పనులే. 2020 మార్చిలో వాటికి వ్యవధి లేదు. ఇప్పుడు ఉంది.