తలనొప్పా? చూపు 6/6 అని ఊరుకోకండి!

"తలనొప్పా? ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు!" ఇంట్లో మనందరం తినే తిట్టే ఇది. పోయినేడాది మా రూమ్మేట్‌కి నేనూ అదే చెప్పా. వాడికి పొద్దున లేవగానే తల బద్దలైపోయేది. వంగి షూ లేస్ కట్టుకుని లేస్తే రెండు మూడు సెకన్లు చూపు మసకబారి, మళ్లీ మామూలైపోయేది. కళ్లజోడు షాపులో చెక్ చేయిస్తే చూపు 6/6. హమ్మయ్య అనుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం.

నొప్పి తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గరికెళ్లాం. చుక్కలు వేసి లోపలికి చూసిన ఆవిడ, "రెండు కళ్లలోనూ నరం వాచింది. ఇవాళే మెదడు స్కాన్ తీయించండి" అన్నారు.

కంట్లో నరం వాస్తే మెదడుకి స్కాన్ ఎందుకు?

కంట్లోకి వచ్చిన వెలుతురు వెనకున్న రెటీనా మీద పడుతుంది. అక్కడి నుంచి 10 లక్షలకు పైగా సన్నని పోగులు ఒకే కట్టగా మెదడుకి వెళ్తాయి. అదే ఆప్టిక్ నర్వ్. మెదడుని కప్పే పొరలే దీన్నీ కప్పుతాయి. మెదడు చుట్టూ ఉండే నీరే దీని చుట్టూ కూడా ఉంటుంది. పుర్రె గట్టి డబ్బా, సాగదు. లోపల ప్రెజర్ పెరిగితే ఆ నీటి ద్వారా నరాన్నీ నొక్కేస్తుంది. పోగుల్లో నడిచే సరుకు కంటి దగ్గర ట్రాఫిక్ జామ్‌లా ఆగిపోయి, నరం మొదలు ఉబ్బుతుంది. దీన్నే పాపిలెడిమా అంటారు.

మొదట్లో ఎదురుగా ఉన్న అక్షరాలు బాగానే కనిపిస్తాయి. అందుకే 6/6! దెబ్బ ముందు పక్కచూపు మీద పడుతుంది. చచ్చిన పోగులు మళ్లీ మొలవవు.

కారణం మెదడులో గడ్డ కావచ్చు, రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఒక్కోసారి స్కాన్‌లో ఏమీ దొరకదు. ఇలాంటిది బరువు ఎక్కువున్న యువతుల్లో ఎక్కువ. మొటిమలకి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా రావచ్చు.

జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1851లో ఆఫ్తాల్మోస్కోప్‌ని లోకానికి పరిచయం చేశాకే డాక్టర్లు బతికున్న మనిషి రెటీనాని సరిగ్గా చూడగలిగారు. ఇప్పుడది నిమిషాల పని.

మావాడికి గడ్డ లేదు. నడుము దగ్గర సూదితో నీరు తీసి ప్రెజర్ కొలిస్తే బాగా ఎక్కువుంది. అసిటజోలమైడ్ మాత్రలు ఇచ్చి, బరువు తగ్గమన్నారు. వాపు దిగింది. కానీ ఎడమ కంటి పక్కచూపు కొంచెం పోయింది. అందుకే బైక్ అమ్మేశాడు.

పడుకుంటే పెరిగే తలనొప్పి, క్షణకాలం మసకలు, ఒకటి రెండుగా కనబడటం, చెవిలో గుండె చప్పుడు... ఇవుంటే ఫోన్‌ని తిట్టుకుంటూ కూర్చోకండి. చుక్కలు వేయించుకుని కంటి వెనక చూపించుకోండి. మేం రెండు నెలలు ఆలస్యం చేశాం. మీరు చేయకండి.