ఇంట సైకిలు, బాట సైకిలు

సైకిలు నెఱుఁగనివారు మన ప్రాంతమున లేరు. ప్రొద్దుటూరి వీధులలో నింటింటఁ బాలు పోయువాఁడును, జమ్మలమడుగు చుట్టుపట్ల పల్లెలనుండి బడికి వచ్చు బాలుఁడును, పులివెందుల యరఁటితోఁటలకుఁ బోవు కూలివాఁడును చిరకాలము దానిపైననే తిరిగిరి. నేఁడు మోటారుబండ్లు హెచ్చినను బడిపిల్లలకు సైకిలే వాహనము. కొన్ని యేండ్ల క్రిందట ప్రభుత్వమువారు 'బడికొస్తా' యను పేర బాలికలకు సైకిళ్లను బంచిరి. అట్టి సైకిలునకు నిప్పు డొక క్రొత్త చుట్టము వచ్చియున్నది. అది కదలదు. ఇంటిలో నొక మూల నుంచి దానిని గంటసేపు త్రొక్కినను జేనెడు దూరమైనను బోదు. ఐనను ఎదుటి తెరపై "ఇరువదియైదు కిలోమీటర్లు పోయితివి" అని లెక్క చూపును. దీనిని స్మార్ట్ ట్రైనర్ అందురు.

ఎండకును లారీలకును వెఱచి, "మా పిల్లవానికిఁ గాళ్లకు వ్యాయామమే కావలసినచో నిట్టి యంత్ర మింట నుంచినఁ జాలదా? బాటపైకిఁ బంపనేల?" అని యడుగు తలిదండ్రులు కలరు. ఇది నవ్వి త్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. యెఱ్ఱగుంట్ల వైపునుండి సిమెంటు మూటలతోను, నాపరాళ్లతోను నిండిన లారీలు పిల్లల భుజముల నొరసికొనునట్లు పోవుట మనము నిత్యము చూచుచున్నాము. వైశాఖమాసమున నీ జిల్లాలో నెండ 42 డిగ్రీలు దాఁటుటయు నందఱ కెఱుకయే. కావున నీ రెండు విధములైన సవారీలలో నేది దేనిని నేర్పునో, ఏది దేనిని నేర్పఁజాలదో విమర్శించి చూతము.

కదలని సైకిలు నిన్న మొన్నఁ బుట్టినది కాదు. 1912వ సంవత్సరమున మునిఁగిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలో నట్టివి యుండెను. త్రొక్కువారి కెదురుగా గడియారమువంటి పెద్ద ఫలక మొకటి యుండి, వారు పోయినట్లు లెక్కింపఁబడిన దూరమును ముల్లుతోఁ జూపుచుండెను. సముద్రమును దాఁటు నోడలోఁ గదలని సైకిలెక్కి దూరమును లెక్కించుకొనుట వింతయే గదా! నేఁటి యంత్రమునకును దానికిని గల భేదము బరువు మార్చుటలో నున్నది. ఇందు సైకిలు వెనుకచక్రము నూడఁదీసి, దాని స్థానమున యంత్రమును దగిలింతురు. గొలుసు యంత్రపుఁ బండ్లచక్రముపైఁ బడి, లోపలనున్న బరువైన లోహచక్రమును ద్రిప్పును. ఆ చక్రముచెంత విద్యుదయస్కాంతము లుండును. అయస్కాంతము దగ్గఱ లోహము తిరిగినప్పుడు లోహములో సుడిగా విద్యుత్తు పుట్టి, తనను బుట్టించిన కదలికనే యడ్డగించును. లెంజ్ నియమ మిదియే. అయస్కాంతమునకు విద్యుత్తును హెచ్చించినచోఁ బెడలు బరువగును, తగ్గించినచోఁ దేలికయగును. తెరపై కొండ కానవచ్చినప్పుడు కంప్యూటరు తీఁగ లేకయే యీ వార్తను యంత్రమునకుఁ బంపును. గదిలోఁ గూర్చున్నవాని కాళ్లకుఁ గొండ తగులును. 2012 తరువాత నిట్టి యంత్రములు వ్యాపించినవి. 2014లో 'జ్విఫ్ట్' అను ఆట వెలసిన పిదప వేర్వేఱు దేశములవా రెవరి యింట వారుండియే పందెములు వేసికొనఁ జొచ్చిరి.

2020 డిసెంబరు 9వ తేదీని ఈ విధమైన పందెములకుఁ బ్రథమ ప్రపంచ పోటీ జరిగెను. పురుషులలో గెలిచిన జర్మనీ దేశస్థుఁడు జేసన్ ఆస్బోర్న్ అప్పటికిఁ బడవపందెములలోఁ బేరుగన్నవాఁడు. మఱుసటి యేఁడు టోక్యో ఒలింపిక్సులో నతఁడు వెండిపతకము నందినది పడవ నడపియే. ఇందు మే మొక ముఖ్యవిషయమును గాంచుచున్నాము. గుండెయు, ఊపిరితిత్తులును, కాళ్లును బలిసియున్నచో నీ యంత్రముపై జయింపవచ్చును. మలుపు, గులకఱాయి, ప్రక్కవాని చక్రము, ఇవి యందు లెక్కకు రావు. అనఁగా యంత్రము సైకిలు విద్యలో నొక సగమును మాత్రము పరీక్షించుచున్నది.

ఇఁక బాటమీఁద మనల నడ్డగించునవి యెవ్వి? సమతలముపై వేగముగాఁ బోవువాని కన్నిటికంటెఁ బెద్ద శత్రువు గాలి. 1899 జూన్ 30వ తేదీని అమెరికాలో చార్లెస్ మర్ఫీ యనునాఁడు రైలుబండి వెనుకఁ గట్టిన తెఱచాటున సైకిలు త్రొక్కి, మైలు దూరమును 57.8 సెకండ్లలో దాఁటెను. ముందు రైలు గాలిని జీల్చుచుండుటచేతనే యది సాధ్యమయ్యెను. (ఈ సంగతిని జదివి లారీ వెనుకఁ దగులుకొని పోవ నెంచు బాలు రుందురేమో! మర్ఫీకొఱకుఁ బట్టాల నడుమఁ బలకలు పఱచి ప్రత్యేకమైన బాటను సిద్ధపఱచిరనియు, రైలు నడుపువారు వాని కొఱకే నడపిరనియు వా రెఱుఁగవలెను.)

గాలి యడ్డు వేగముయొక్క వర్గమును బట్టి హెచ్చును. ఆషాఢమాసమున మన సీమలోఁ బడమటిగాలి వీచునపుడు ప్రొద్దుటూరినుండి జమ్మలమడుగునకుఁ బోవువాని పాట్లు చెప్పనలవి కాదు. అతఁడు గంటకు 20 కిలోమీటర్ల వంతునఁ బోవుచుండఁగా 15 కిలోమీటర్ల గాలి యెదురైన దనుకొందము. అతని ఱొమ్మునకుఁ దగులునది 35 కిలోమీటర్ల గాలి. అడ్డు మూఁడింత లగును. తిరిగి వచ్చునపుడు వీఁపున గాలి యుండుటచేఁ దగులునది 5 కిలోమీటర్లదే. అడ్డు గాలి లేనప్పటిదానిలోఁ బదునాఱవ వంతునకు దిగును. ఇంటి యంత్ర మీ యడ్డును లెక్కగట్టి కాళ్లకుఁ జూపఁగలదు గాని, గాలి ప్రక్కకు మళ్లి హఠాత్తుగా సైకిలును బాట నడుమకుఁ ద్రోయుటను జూపఁజాలదు.

ఎత్తు విషయమున యంత్రము మిక్కిలి నిజాయితీ గలది. పులివెందుల ప్రొద్దుటూరికంటె సుమారు నూఱు మీటర్లు ఎత్తున నున్నది. మనిషియు సైకిలును గలసి 80 కిలోలైనచో నా యెత్తునకు మోయుటకు 78,400 జౌళ్ల పని కావలెను. నూఱు వాట్ల శక్తితోఁ ద్రొక్కువానికి, గాలిని రాపిడిని విడిచిపెట్టి, ఎక్కుడుకొఱకే పదుమూఁడు నిమిషములు పట్టును. ఈ లెక్క ముద్దనూరు మీఁదుగాఁ బోవు బాటపైనను, గదిలోనను నొక్కటే. అంతేకాక బాటపైఁ బల్లము వచ్చినప్పుడు కాళ్ల నాఁపి యూరక పోవుదుము. మలుపులయందును, ఊళ్లలోను నాఁగుదుము. ఇంట నట్టి విరామములు లేవు. కావున నింట త్రొక్కిన గంట బాటపై గంటకంటె దట్టమైనది. జ్వరమునుండి తేఱుకొను రోగికిఁగాని, కాలు విఱిగి కట్టు విప్పించుకొన్న వానికిఁగాని, వైద్యుఁడు చెప్పినంత పనినే మించకుండఁ జేయించుటకు దీనికి సాటి లేదు.

వేఁడి విషయము కొంత విరివిగాఁ జెప్పవలసియున్నది; ఏలయన నిందు ప్రాణభయము కలదు. మన దేహము తాను వ్యయపఱచు శక్తిలో నాలుగవ వంతునకు మించి పెడలుపైకిఁ బంపఁజాలదు. తక్కినదంతయు వేఁడియగును. నూఱు వాట్ల పని చేయువాఁడు మున్నూఱు వాట్లకుఁ దక్కువగాని వేఁడిని బయటకుఁ ద్రోయవలెను. దానిని గొనిపోవునది ప్రధానముగాఁ జెమట. ఒక లీటరు చెమట యాఱినచో సుమారు ఇరువదినాలుగు లక్షల జౌళ్ల వేఁడి పోవును. ఈ లెక్కనుబట్టి గంటకు దాదాపు అర లీటరు చెమట యాఱవలెను. 'ఆఱవలెను' అని యేల యంటిమనఁగా, నేలపై రాలిపోయిన చెమట చల్లఁబఱచదు. బాటపైఁ బోవువానికిఁ దన వేగమే విసనకఱ్ఱ. ఇంట నిలిచి త్రొక్కువానికి గాలి లేదు. చెమట ధారగాఁ గాఱి గచ్చుపైఁ బడును, దేహము మాత్రము కాఁగుచునే యుండును. పంకా లేక, కిటికీ తెఱవక యంత్రమును ద్రొక్కువాఁడు చలికాలమునఁ గూడ సొమ్మసిల్లవచ్చును. ఇంట నున్నాఁడు గదా యని తలిదండ్రులు నిశ్చింతగా నుండరాదు.

ఐనను వేసవి మధ్యాహ్నమున బాట యింతకంటెఁ బ్రమాదకరము. మన చర్మపు వేఁడి సుమారు 35 డిగ్రీలు. గాలి 42 డిగ్రీలున్నప్పుడు దాని స్పర్శ చల్లఁబఱచుటకు మాఱుగా వేఁడినే యిచ్చును. దానిపై నడినెత్తి యెండ చదరపు మీటరునకు వేయి వాట్ల దాఁక కురియును. మన గాలి పొడిగా నుండుటచేఁ జెమట వెంటనే యాఱును. అది మేలే గాని, ఒడలు తడిగాఁ గనఁబడకపోవుటచేత నెంత నీరు పోయినదో తెలియదు. తల తిరుగుట, మాట తడఁబడుట, ఒడలు కాలుట కనఁబడినచో వానిని నీడకుఁ జేర్చి, తడిగుడ్డలు కప్పి విసరుచు, 108కి ఫోను చేయవలెను. చైత్రమునుండి జ్యేష్ఠము వఱకుఁ బగలు పదింటి పిదప, సాయంకాల మైదింటికి ముందు సైకిలు సవారీని మేము సమ్మతింపము. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ సీసా నొకదానిని వెంట నుంచుకొనుట మంచిది.

యంత్రము నేర్పఁజాలని రెండవ సగమిది. సైకిలు పడిపోక నిలుచుట యెట్లు? ఎడమకు వ్రాలినప్పుడు మన మెఱుఁగకయే పిడిని ఎడమకుఁ ద్రిప్పుదుము. చక్రములు మన బరువు క్రిందికి వచ్చి సైకిలు లేచును. ప్రతిక్షణము జరుగు నీ సవరణయే తుల్యత. యంత్రమునకు బిగించిన సైకిలు వ్రాలదు. కావున దానిపై వేయి గంటలు త్రొక్కిన బాలుఁడును బాటపై నొక్క గంట నేర్చిన బాలుని వెనుకనే యుండును. బ్రేకు సంగతియు నట్టిదే. గంటకు 20 కిలోమీటర్ల వేగమనఁగా సెకండునకు ఐదున్నర మీటర్లు. దృష్టి యొక్క సెకండు మరలినచో బ్రేకు పట్టకమునుపే యంత దూరము పోవును. ముందు బ్రేకునకుఁ బలము హెచ్చు. ఇసుకపై దానిని గట్టిగాఁ బట్టినచోఁ జక్రము జాఱును. వానలో నల్లరేగడి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమఁ జిక్కి సైకిలును గదలనీయదు; పల్లేరుకాయ ట్యూబును బొడుచును. పెద్దలారీ ప్రక్కగాఁ బోవునపుడు మొదట బయటకుఁ ద్రోసి, పిదపఁ దనవైపునకు లాగును. దీని నెఱిఁగినవాఁడు దాని చప్పుడు వినఁగనే పిడిని గట్టిగాఁ బట్టును. అందుచేతఁ జెవులు చాల ముఖ్యములు. ఇంట యంత్రముపై విసుగు పోవుటకుఁ జెవులలో నుంచుకొను పాటల యలవాటును బాటపైకిఁ దెచ్చుట కంటె హాని మఱొకటి లేదు.

వెల మాట కూడ నొకటి. మంచి యంత్రమునకు అర లక్ష రూపాయలును, అంతకుమించియు నగును. ఆ సొమ్మునకు బడిసైకిళ్లు ఎనిమిదో పదియో వచ్చును. పందెములకు సిద్ధపడువారికిని, ధనవంతులకును దక్క మన బడిపిల్లల యిండ్లకు నిది తగినది కాదని మా యభిప్రాయము. నీడయు నిజమైన గాలియుఁ గలిసిన మార్గ మొకటి కలదు. హైదరాబాదున ఔటర్ రింగురోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను బైన సౌరఫలకముల కప్పుతో నిర్మించి 2023 అక్టోబరు 1వ తేదీని దెఱచిరి. లారీలు దానిపైకి రావు. మన మూఁడూళ్ల నడుమ నట్టిది లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల నడుమ నైనను బాట యంచున రెండు గజముల చోటు సైకిళ్లకు విడువఁబడినచోఁ బెక్కు యంత్రముల కంటె మేలగును.

అంతవఱకుఁ బిల్లలకు బడి యాటస్థలముననే మొదటి పాఠములు చెప్పవచ్చును. సున్నముతో ఎనిమిది యంకెను గీచి దానివెంటఁ ద్రిప్పించుట, పిలిచినప్పుడు పిడి వంకరపోకుండ వెనుకకుఁ జూచుట, గీఁత దగ్గఱ బ్రేకు వేసి నిలుచుట, ఇవి వచ్చిన పిదప సందువీధులకును, తరువాతఁ బెద్దవారి తోడఁ బెద్దబాటకును గొనిపోవలెను. జమ్మలమడుగునుండి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. వేకువనే బయలుదేఱి పడమటికిఁ బోవువారికి సూర్యుఁడు వెనుకనుండును. తిరిగివచ్చునపుడు మాత్రము తూర్పుదిక్కు ప్రయాణము. ఎదుటి యెండ మన కన్నులకేకాక, వెనుకవచ్చు లారీ నడుపువాని కన్నులకును దగులును, వానికి ముందున్న సైకిలు కానరాదు. అట్టివేళ వీఁపున ముదురురంగు చొక్కా పనికిరాదు. మెఱయు పట్టీ గల పసుపు చొక్కాయు, వెనుక ఎఱ్ఱదీపమును ఉండవలెను. ప్రొద్దు మఱికొంత పైకి వచ్చు వఱకుఁ గోటలోనే నిలిచి పెన్నానది లోయను జూచుచుండినను మంచిదే.