కుందేలు దవడలో బస్తర్ గాయం
కొత్త ఎముకను పెంచే ప్రయోగాలు జంతువుల్లో నెగ్గాయి. ఎలుగుబంటి చేసే గాయం మాత్రం వాటికి పెద్ద పరీక్షే

ఇప్పపువ్వు రాలే కాలంలో బస్తర్ జనం బుట్టలు పట్టుకుని తెల్లవారకముందే అడవికి వెళతారు. అదే పువ్వు కోసం ఎలుగుబంటీ వస్తుంది. బెదిరిన ఎలుగు లేచి పంజా విసిరితే తలకో, ముఖానికో గాయం కావచ్చు. ఇదే రాష్ట్రంలోని ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబర్ దాకా 137 దాడులు జరిగాయని, 11 మంది చనిపోయారని ఒక అధ్యయనం లెక్కతేల్చింది. దవడ చితికి బతికి బయటపడ్డవారికి నమలడం, మాట్లాడడం రెండూ కష్టమే. పేజ్, అంటే మన జావలాంటిదే, దిక్కు.

విరిగిన ఎముకనైతే ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ముక్కే పోతే? కాలి పిక్కలోని సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అమర్చడం 1989 నుంచీ ఉంది. దానికి సన్నటి నాళాలను కుట్టగల బృందం, గంటల తరబడి ఆపరేషన్ కావాలి. అడవి పల్లెకు అందే వైద్యం కాదది.

మరో దారి, ఎముకను పెంచడం. ఖనిజం తీసేసిన ఎముకను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని అమెరికా వైద్యుడు మార్షల్ ఉరిస్ట్ 1965లో జంతువుల్లో చూపారు. అయితే చిన్న గాయం దానంతటదే పూడుకుపోతుంది, మందు గొప్పతనం తేలదు. అందుకే జీవితకాలంలో తనంతట తాను మానని రంధ్రాన్నే పరీక్షకు ఎంచుకుంటారు. ఎలుక దవడలో అది సుమారు 5 మిల్లీమీటర్లు. కుక్కల్లో 3 సెంటీమీటర్ల ఖాళీని ఎముక పెంచే ప్రోటీన్‌తో పూడ్చినట్టు 1991లో ప్రకటించారు. మినీ పందుల్లో పరీక్షించిన పద్ధతితోనే జర్మనీలోని కీల్ వైద్యులు ఒక రోగి వీపు కండరంలో దవడ ఎముకను పెంచి అమర్చారు. 2004లో ఇది పెద్ద వార్త.

మరి బస్తర్‌కు? ప్రయోగశాల జంతువు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటుంది, రంధ్రం శుభ్రమైన డ్రిల్లుతో చేసినది. ఎలుగు గాయంలో మట్టి, లాలాజలం, చీలిన చర్మం. పైగా ఆసుపత్రి చేరేసరికి ఆలస్యం. ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కుందేలు నమిలే తీరూ మనది కాదు. ఈ తేడాలు చిన్నవి కావు.

ఈ లోటుకు దగ్గరగా వచ్చింది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ బృందం. 2010 ప్రాంతంలో కుందేళ్ల దవడలో నోటిలోకి తెరుచుకునే గాయం చేసి, వెంటనే ఎముక పెంచే ప్రయత్నం చేయలేదు. కట్టుడు పళ్లకు వాడే యాక్రిలిక్ జాతి పదార్థాన్నే చిల్లులుండేలా చేసి ఖాళీలో పెట్టారు. దానిమీద చిగురు, చర్మం మానితే ముఖం ఆకారం నిలుస్తుంది. ఎముక సంగతి రెండో దశలో.