తీగకు గుచ్చిన ఉత్తరం, తెరుచుకోని ఫైలు

మా అమ్మమ్మ ఇంట్లో వంటగది గుమ్మం పక్కన మేకుకు ఒక ఇనుప తీగ వేలాడుతుండేది. అడుగున చిన్న చెక్క ముక్క, పైన వంకీ. వచ్చిన ఉత్తరాన్ని చదివి ఆ తీగకు గుచ్చేవారు. అమ్మమ్మ పోయాక ఆ కట్టను మా అమ్మ తెచ్చి ట్రంకు పెట్టెలో దాచింది. 1960ల నాటి కార్డులు కూడా అందులో ఉన్నాయి. సిరా కాస్త వెలిసింది, మధ్యలో తీగ చేసిన చిల్లు ఉంది. అయినా ప్రతి మాటా చదవగలం.

మా నాన్న కథ వేరు. బడిపంతులుగా పనిచేస్తూ పదేళ్లు తిరిగి మా ఊరి చరిత్ర రాశారు. చెరువు ఎవరు తవ్వించారు, గంజి కేంద్రం ఎక్కడ నడిచింది, ఏ ఇంటివారు ఎప్పుడు వలస వెళ్లారు వంటి వివరాలన్నీ అందులో ఉన్నాయి. 1999లో దాన్ని డీటీపీ చేయించి, రెండు ఫ్లాపీల్లో దాచుకున్నారు. అచ్చు వేయించడానికి డబ్బు కుదరలేదు. చేతిరాత ప్రతిని చెదలు తినేశాయి. నిరుడు నేను ఎలాగో ఫ్లాపీ డ్రైవు సంపాదించి ఆ ఫైలు తెరిస్తే, తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములున్న ఐరోపా అక్షరాలు కనిపించాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని, "ఇదేం భాషమ్మా?" అన్నారు.

అరవై ఏళ్ల కార్డు చదవగలుగుతున్నాం. పాతికేళ్ల ఫైలు చదవలేకపోతున్నాం. ఎందుకిలా? ఈ ప్రశ్న వెంట వెళితే, ఒక్క జీవితకాలంలో మన రాత ఎన్నిసార్లు రూపం మార్చుకుందో తెలుస్తుంది. ఆ మార్పుల వెనుక మనుషుల అలవాట్లతో పాటు కొంత భౌతికశాస్త్రం, కొంత గణితం కూడా ఉన్నాయి.

కార్డు మీద చోటెంత?

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది. అప్పుడు దాని ధర కాలణా. ఇన్‌లాండ్ లెటర్ 1950 అక్టోబరు 2న, పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చాయి. మా కట్టలోని పాత కార్డుల్లో చాలావాటికి చిరునామాలో పిన్‌కోడ్ లేదు. తేదీ చెరిగిపోయినా కార్డు ఏ కాలానిదో చెప్పడానికి ఇదొక ఆనవాలు.

ఆ కార్డుల్లో రాత తీరు కూడా వేరు. పైన 'శ్రీరామ'. తర్వాత 'మ.రా.శ్రీ.' అనో, 'చి.ల.సౌ.' అనో సంబోధన. 'ఉభయకుశలోపరి' తర్వాతే అసలు విషయం. శుభవార్త అయితే కార్డు నాలుగు మూలలా పసుపు. ఈ మర్యాదలకే కార్డులో పావు వంతు పోయేది. మిగిలిన చోటులో అక్షరాలు చీమల్లా బారులు తీరేవి. అంచుల వెంట నిలువుగా కూడా రాసేవారు.

అక్షరాలూ మారాయి. తాతయ్య వరసవారు రాసిన కార్డుల్లో అరసున్నలు కనిపిస్తాయి, బండి 'ఱ' కనిపిస్తుంది, కొన్ని చోట్ల తెలుగు అంకెలూ కనిపిస్తాయి. అమ్మ తరం కార్డుల్లో ఇవి దాదాపు లేవు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టి 1940లో కన్నుమూశారు. ఆయన మాట క్రమంగా పత్రికల్లోకి, తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. 'వచ్చుచున్నాను' అని మొదలుపెట్టిన చేతులే కొన్నేళ్లకు 'వస్తున్నాను' అని రాశాయి.

మాటకింత అంటే మాట తగ్గుతుంది

అత్యవసరమైతే టెలిగ్రాం. అది వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవని అమ్మ చెబుతుంది. ఇక్కడ చెల్లించాల్సింది మాటల లెక్కన. అందుకే విభక్తులు, మర్యాదలు, సంబోధనలు అన్నీ రాలిపోయేవి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు రావాలి, అంతే.

తంతి తీగ మీద నడిచింది మోర్స్ సంకేతాలు. ఇంగ్లీషులో అతి తరచుగా వచ్చే 'ఈ' అక్షరానికి ఒక్క చుక్క. అరుదుగా వచ్చే 'క్యూ'కు రెండు గీతలు, ఒక చుక్క, మళ్లీ ఒక గీత. ఎక్కువ వాడేదానికి చిన్న గుర్తు, తక్కువ వాడేదానికి పెద్ద గుర్తు. పండుగ, పెళ్లి శుభాకాంక్షల వాక్యాలకు టెలిగ్రాఫ్ ఆఫీసులో ముందే సంఖ్యలు కేటాయించి ఉండేవి. వాక్యమంతా పంపనక్కర్లేదు, సంఖ్య పంపితే చాలు. అవతలి ఆఫీసులో ఆ సంఖ్యకు తగిన వాక్యాన్ని చేర్చి అందించేవారు. నేటి కంప్యూటర్లు ఫైళ్లను కుదించడంలో వాడే కిటుకు కూడా ఇదే.

1948లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సమాచారాన్ని 'బిట్ల'లో కొలవవచ్చని చూపించారు. అవును, కాదు అనే రెండు సమాన అవకాశాల్లో ఒకటి తేలిందంటే ఒక బిట్ సమాచారం అందినట్టు. ఏ మార్గానికైనా ఇన్ని బిట్లు మాత్రమే మోయగలదనే పరిమితి ఉంటుంది. మన మిస్డ్ కాల్ దీనికి చక్కని ఉదాహరణ. 'బస్సు దిగాక ఒక్క రింగ్ ఇవ్వు' అన్నారంటే ముందే ఒప్పందం కుదుర్చుకున్నట్టు. పైసా ఖర్చు లేకుండా ఒక బిట్ చేరిపోతుంది.

మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ముగిసింది. అప్పటికే దాని పనిని ఎస్సెమ్మెస్ ఎత్తుకుంది.

శ్రీకాకుళానికి ఎన్ని బిట్లు?

మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. ఒక సందేశంలో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు సరిపోతాయి. 1,120ని 7తో భాగిస్తే 160. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాల హద్దు ఇలా వచ్చిందే. తెలుగు లిపికి మాత్రం ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాల్సి వచ్చింది. 1,120ని 16తో భాగిస్తే 70.

'శ్రీకాకుళం' అనే మాటనే తీసుకోండి. మన కంటికి అవి నాలుగే అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. ఫోన్ లెక్క వేరు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. మొత్తం పది గుర్తులు. ఇంగ్లీషు లిపిలో రాసినా పది అక్షరాలే. కానీ అక్కడ 70 బిట్లు, ఇక్కడ 160 బిట్లు. రెండింతలకు పైగా ఖర్చు. అప్పటి చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలు కనిపించేవే కావు. 'తెలుగు పిల్లలకు తెలుగు రాయాలని లేదు' అని పెద్దలు వాపోయారు కానీ, ఇంగ్లీషు లిపిలో తెలుగు రాయడం వెనుక ఈ భాగహారం కూడా ఉంది. తర్వాత ఎస్సెమ్మెస్ ప్రమాణాల్లో తెలుగు సహా మన భాషలకు ప్రత్యేక పట్టికలు చేర్చారు. ఈలోగా ఇంటర్నెట్ సందేశాలు వచ్చి ఆ హద్దునే తుడిచేశాయి.

ఇంగ్లీషు మీటలతో తెలుగు రాయడాన్ని ఒక పద్ధతిలో పెట్టిన వారూ ఉన్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువారు 1990లలో రూపొందించిన ఆర్‌టీఎస్ అలాంటిదే. చిన్న, పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో న, ణ, ద, డ వంటి తేడాలను అది చూపగలదు. విదేశాల్లోని తెలుగువారు ఈమెయిళ్లలో సాహిత్య చర్చలు చేసుకున్నది ఇలాంటి లిప్యంతరీకరణలతోనే.

ఆకారాన్ని దాచాలా, అక్షరాన్ని దాచాలా?

ఇప్పుడు నాన్న ఫైలు దగ్గరికి వద్దాం.

టైప్‌రైటర్‌కు నలభై పైచిలుకు మీటలే ఉంటాయి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిపితే ఆకారాలు వందల్లో ఉంటాయి. అన్నింటికీ మీటలు పెట్టలేరు కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు. కొన్ని మీటలు నొక్కితే కాగితం ముందుకు కదలదు. అలా ఒకే చోట ఒకదాని మీద ఒకటి అచ్చయి అక్షరం పూర్తవుతుంది.

తొలినాటి డీటీపీ ఫాంట్లు కూడా ఇదే దారి పట్టాయి. 8 బిట్లతో 256 సంఖ్యలే సాధ్యం. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన ఆ సంఖ్యల్లోనే తెలుగు ముక్కలను కూర్చారు: ఒక సంఖ్యకు తలకట్టు, ఇంకోదానికి ర వత్తు, మరోదానికి ఏత్వం. ఫాంటు ఉన్నంతవరకూ తెరమీద ముత్యాల్లాంటి తెలుగు. ఫాంటు తీసేస్తే మిగిలేవి డాలరు గుర్తులు. పైగా ఏ సంస్థ ఫాంటు దానిదే. ఒకరి ఫాంటులో 'క' ఉన్న సంఖ్యలో ఇంకొకరి ఫాంటులో మరో ముక్క ఉండేది. అంటే ఆ ఫైలులో దాగింది తెలుగు కాదు, తెలుగు బొమ్మ గీయడానికి కావలసిన ముక్కల జాబితా.

దీనికి పరిష్కారం వెతికినవారిలో మనవాళ్లూ ఉన్నారు. 1980లలో కాన్పూర్ ఐఐటీలో మొదలై సీ-డాక్‌లో కొనసాగిన 'జిస్ట్' పరిశోధన ఒక మౌలికమైన ఆలోచనను ఆచరణలో పెట్టింది. కంప్యూటర్‌లో ఆకారాన్ని కాదు, అక్షరాన్ని దాచాలి, ఆకారాన్ని కూర్చే పని తెరకు వదిలేయాలి. మన లిపులన్నింటికీ వర్ణమాల క్రమం ఇంచుమించు ఒకటే కాబట్టి ఒకే పట్టిక సరిపోతుంది. అలా వచ్చిన 'ఇస్కీ' 1991లో భారతీయ ప్రమాణమైంది. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు మన భాషలకు ఇస్కీ అమరికనే ఆధారంగా తీసుకుంది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు దక్కాయి. 'క' సంఖ్య 3093. అదిలాబాద్‌లో రాసినా, అట్లాంటాలో చదివినా, ఏ ఫాంటు వాడినా అదే సంఖ్య.

'ప్రే' అక్షరాన్ని గమనించండి. చేత్తో రాసేటప్పుడు ప రాసి, పైన ఏత్వం పెట్టి, చివర్లో ర వత్తు ఇస్తాం. పలికేటప్పుడు వరుస అది కాదు: ప్, ర్, ఏ. పాత ఫాంట్లు చేతి వరుసను దాచాయి. యూనికోడ్ నోటి వరుసను దాస్తుంది. అందుకే పాత ఫైలును మార్చాలంటే సంఖ్యలను మార్చితే సరిపోదు, ముక్కల వరుసనూ సరిచేయాలి.

అక్షరాన్ని తెరమీద కూర్చడమూ తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు 'జ్ఞా' ఐఫోన్లను హడలెత్తించింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, దీర్ఘం. ఈ ఐదూ ఆ వరుసలో వస్తే, అప్పటి సాఫ్ట్‌వేర్ వాటిని కూర్చలేక సందేశాల యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. 'జ్ఞానం'లోని మొదటి అక్షరమే అంత పని చేసింది!

పోయిన అక్షరాలు తిరిగొస్తున్నాయి

యూనికోడ్ పట్టిక ఇంకా పెరుగుతోంది. 2008లో ౘ, ౙ అక్షరాలు చేరాయి. పాత రాతల్లో మాట చివరి 'న్'ను ప్రత్యేక ఆకారంతో రాసేవారు. ఆ నకారపొల్లుకు 2021లో చోటు దొరికింది. ఇవాళ ఎవరూ వాడని అక్షరాలు ఎందుకంటే, పాత పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించగలగాలి. లేకపోతే మన పెద్దలు రాసినదాన్ని మన వాడుకకు తగ్గట్టు దిద్దినవాళ్లమవుతాం.

నాన్న ఫైలులో ఏ ఫాంటు వాడారో మొదటి రోజు తెలియలేదు. పాత డీటీపీ చేసిన ఒక పెద్దాయన తెరమీది గందరగోళాన్ని చూసి ఫాంటు పేరు చెప్పారు. ఆ ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే ఉచిత పరికరం దొరికింది. ఎక్కువ భాగం తెలుగైంది. ఒత్తులు మాత్రం కొన్ని పక్క అక్షరాల కిందికి జారాయి. రెండో ఫ్లాపీలో కొంత భాగం అసలు చదవబడలేదు. ఫ్లాపీ మీద సమాచారం ఉండేది పలుచని అయస్కాంత పూతలో. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత దెబ్బతింటుంది, బూజు పడుతుంది. వలసల అధ్యాయంలో చివరి పేజీలు అలా పోయాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఫైళ్లు ఉండవచ్చు. ఆలస్యం చేయకండి. ఫ్లాపీ, సీడీల్లో ఉన్నవాటిని ముందు కొత్త చోటికి నకలు తీయండి. ఏ ఫాంటులో టైపు చేశారో తెలిసినవారు ఉండగానే అడిగి రాసుకోండి. యూనికోడ్‌లోకి మార్చాక అసలు ఫైలును పారేయకండి, రేపు ఇంతకన్నా మంచి పరికరం రావచ్చు. నకళ్లు ఒకటి కన్నా ఎక్కువ, వేర్వేరు చోట్ల ఉంచండి. ముఖ్యమైనదాన్ని కాగితం మీద అచ్చు తీసి పెట్టుకోండి. కాగితం చదవడానికి వెలుతురు, కళ్లు, లిపి తెలిసిన మనిషి ఉంటే చాలు.

నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోనులో ఆ పాఠాన్ని దిద్దుతున్నారు. జారిన ఒత్తులను వేలితో ఒక్కొక్కటే చోటికి చేరుస్తున్నారు. పోయిన పేజీల కోసం ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లకు ఫోన్ చేసి, వారి మాటలను రికార్డు చేస్తున్నారు. మొన్న ఒకాయన ఫోన్ ఎత్తలేదు. ఆయన పోయి నెలైందని ఇంకెవరో చెప్పారు. ఆ ఇంటివారు ఎప్పుడు వలస వెళ్లారో చెప్పగలిగినవారు ఇంకొకరే మిగిలారు. వచ్చే ఆదివారం వారి దగ్గరికి వెళ్తున్నాం.