పేటెంటు ఉన్నా ఇంజంక్షన్ ఎందుకు రాదు?

ఒకే మందుకు కంపెనీని బట్టి ధర మారుతుందని సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఏ మందుల షాపుకు వెళ్లినా తెలుస్తుంది. అయితే ఆ తేడా లక్షల్లో ఉంటే అది మందుల షాపు దాటి కోర్టుకెక్కుతుంది. రిస్డిప్లామ్ విషయంలో అదే జరిగింది. వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిని కండరాలు క్షీణించే ఎస్‌ఎంఏ అనే జన్యువ్యాధికి ఇది మందు. స్విట్జర్లాండ్ కంపెనీ రోష్ దీన్ని ఎవ్రిస్డి పేరుతో సీసా సుమారు 6.2 లక్షల రూపాయలకు అమ్మేది. 2025 అక్టోబరులో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా తన జనరిక్ మందు సీసా ధరను 15,900 రూపాయలుగా ప్రకటించింది. రోష్ పేటెంటుకు 2035 దాకా గడువుంది. అయినా కోర్టులు నాట్కోను ఆపలేదు. ఎందుకో తెలియాలంటే ఇంజంక్షన్, అంటే ఒక పనిని ఆపమనే కోర్టు ఉత్తర్వు, స్వభావం తెలియాలి.

నష్టపరిహారం హక్కుగా అడిగేది. ఇంజంక్షన్ అలా కాదు. అది కోర్టు విచక్షణతో ఇచ్చేది. ఇంగ్లండులోని ఛాన్సరీ కోర్టుల్లో పుట్టిన ఈక్విటీ, అంటే ధర్మం చూసి ఉపశమనం ఇచ్చే పద్ధతి, మన దేశంలో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో చేరింది. తాత్కాలిక ఇంజంక్షన్ కోరినవారిని కోర్టు మూడు ప్రశ్నలు అడుగుతుంది. పైకి చూడగానే బలమైన కేసు ఉందా? ఉత్తర్వు ఇస్తే, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది? డబ్బుతో పూడ్చలేని నష్టం ఉందా? ప్రాణాధారమైన మందుల కేసుల్లో నాలుగో ప్రశ్న కూడా వస్తుంది: ప్రజాప్రయోజనం ఏమంటోంది?

ప్రతివాది చేతిలోనూ ఆయుధాలున్నాయి. పేటెంటు మంజూరైనంత మాత్రాన అది చెల్లుతుందన్న హామీ లేదని 1970 పేటెంట్ల చట్టమే 13వ సెక్షన్‌లో చెబుతోంది. పేటెంటు రద్దుకు పనికివచ్చే ఏ కారణాన్నయినా ఉల్లంఘన దావాలో రక్షణగా వాడుకోవచ్చని 107వ సెక్షన్ అంటోంది. ఇవి చట్టం ఇచ్చిన రక్షణలు. ఈక్విటీ ఇచ్చే రక్షణలు వేరు. తెలిసీ ఏళ్ల తరబడి ఊరుకున్నవాడు, కోర్టు దగ్గర నిజం దాచినవాడు ఇంజంక్షన్‌కు అర్హత పోగొట్టుకోవచ్చు. అమెరికాలో హెపటైటిస్-సి మందు సోఫోస్‌బువిర్‌పై గిలియడ్ కంపెనీ మీద మెర్క్ కంపెనీ నష్టపరిహారంగా గెలుచుకున్న 20 కోట్ల డాలర్లు కూడా ఇలాగే పోయాయి. మెర్క్ నడతకు మచ్చ పడిందని 2016లో జడ్జి ఆ మొత్తాన్ని కొట్టేశారు. 2018లో ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది.

ఇక రిస్డిప్లామ్ కేసు. రోష్ సొంత పాత పేటెంటు పత్రమే ఈ అణువుకు దారి చూపిందని, కాబట్టి ఇందులో కొత్త ఆవిష్కరణ లేదని నాట్కో వాదించింది. ఆ వాదనలో నమ్మదగిన బలం ఉందని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఇంజంక్షన్ నిరాకరించారు. అక్టోబరు 9న డివిజన్ బెంచ్ రోష్ అప్పీలును కొట్టేసింది. అక్టోబరు 17న సుప్రీంకోర్టూ జోక్యానికి నిరాకరించింది.

కోర్టులు ఎప్పుడూ జనరిక్ కంపెనీల వైపేనని దీన్ని బట్టి అనుకోకూడదు. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు వాడే ఎల్‌ట్రాంబోపాగ్ ఓలమీన్ కేసులో ఇదే నాట్కోపై నొవార్టిస్‌కు 2021 డిసెంబరులో ఇంజంక్షన్ దొరికింది. 2024 ఏప్రిల్‌లో నాట్కో అప్పీలు కూడా ఓడింది. పాత పేటెంటు పరిధిలోకి రావడం ఒకటి, ఓలమీన్ అనే ఆ ప్రత్యేక లవణ రూపాన్ని అందులో వెల్లడించడం మరొకటి అన్నది అక్కడ కీలకమైంది. అప్పుడు ఇంజంక్షన్ ఇచ్చిన జస్టిస్ సి. హరిశంకర్, రిస్డిప్లామ్ అప్పీలును కొట్టేసిన బెంచ్‌లోనూ ఉన్నారు. ఫలితాన్ని తేల్చింది ఎవరు అడిగారన్నది కాదు, పత్రాల్లో ఏముందన్నది.

రెండు కేసుల్లోనూ అప్పీలు చేసినవారే ఓడిపోయారు. 1990లో వాండర్ వర్సెస్ ఆంటాక్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. తాత్కాలిక ఇంజంక్షన్‌పై కింది జడ్జి విచక్షణ ఇష్టారాజ్యంగా, అసంబద్ధంగా లేదా స్థిరపడ్డ సూత్రాలకు విరుద్ధంగా సాగితేనే అప్పీలు కోర్టు కల్పించుకోవాలి. "నేనైతే వేరేగా తేల్చేవాణ్ణి" అన్న కారణం చాలదు. అందుకే ఇలాంటి అప్పీలు రెండో విచారణ కాదు.

ఇంజంక్షన్ రాకపోతే పేటెంటుదారు చేతులు ఖాళీ అయినట్టూ కాదు. చివరికి ఉల్లంఘన రుజువైతే, నష్టపరిహారం లేదా అవతలివాడి లాభాల లెక్క, రెండింటిలో ఒకటి కోరుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతోంది. దీనికి మంచి ఉదాహరణ క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్. అప్పట్లో రోష్ మాత్ర ధర 4,800 రూపాయలు, సిప్లాది 1,600. 2008లో ప్రజాప్రయోజనం కూడా చూసి ఢిల్లీ హైకోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ నిరాకరించింది. 2009లో డివిజన్ బెంచ్ సమర్థించింది. పూర్తి విచారణ తర్వాత 2015 నవంబరులో అప్పీలు బెంచ్ సిప్లా ఉల్లంఘించిందని తేల్చింది. అయినా 2016 మార్చిలో పేటెంటు ముగుస్తున్నందున అమ్మకం ఆపలేదు, లాభాల లెక్క చెప్పమంది. రోగికి మందు ఆగలేదు, పేటెంటుదారుకు డబ్బు దారి మూసుకుపోలేదు. నా దృష్టిలో ధర్మబద్ధమైన పరిష్కారమంటే ఇదే.

రిస్డిప్లామ్‌పై ఇప్పటిదాకా తేలింది తాత్కాలిక ఇంజంక్షన్ మాత్రమేనని మరచిపోవద్దు. పేటెంటు చెల్లుతుందా లేదా అన్న తుది తీర్పు విచారణ తర్వాతే వస్తుంది. రోగుల సంఘాలకు, జనరిక్ కంపెనీలకు నా విజ్ఞప్తి ఒక్కటే. మందు ధర, లభ్యత, పేటెంటుదారు జాప్యం, దాచిన సంగతులు ఏవైనా ఉంటే ఆధారాలతో మొదటి కోర్టులోనే రికార్డుకెక్కించండి. అక్కడ వదిలేసిన దాన్ని అప్పీలులో తిరిగి సంపాదించడం చాలా కష్టం.