లాంగ్ టర్మ్‌కు పంపాల్నా, మేడమ్?

జూన్ నెలలో పరకాల బజారుకు వచ్చే రైతుకు రెండు పెద్ద ఖర్చులుంటాయి. ఒకటి పత్తి విత్తనాలు. ఇంట్లో ఇంటర్ బైపీసీ పూర్తయిన పిల్ల ఉంటే రెండోది లాంగ్ టర్మ్ ఫీజు, అంటే మెడిసిన్ సీటు కోసం నీట్ మళ్లీ రాయడానికి ఏడాది కోచింగ్‌కు కట్టేది. నీట్ ఫలితాలూ ఇంచుమించు అప్పుడే వస్తాయి. 2025లో జూన్ 14న వచ్చాయి. తొలకరి పడి దుక్కి సిద్ధంగా ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు, కోచింగ్ సెంటర్ నుంచి మాత్రం రోజూ ఫోన్లు వస్తుంటాయి. ఇక్కడ ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి, ఆ రోజుల్లో తండ్రులు మా ఇంటికొచ్చి ఒకటే మాట అడుగుతారు: "లాంగ్ టర్మ్‌కు పంపాల్నా మేడమ్, వద్దా?"

ఆ ప్రశ్నకు జవాబు ర్యాంకు కార్డులో దొరకదు. పరీక్ష హాలు నుంచి పిల్ల ఇంటికి తెచ్చుకున్న ప్రశ్నపత్రంలో ఉంటుంది. దాన్ని జూన్ దాకా దాచిపెట్టకుండా మే మొదటి వారంలోనే తెరవాలి.

ముందు పరీక్ష సంగతి. నీట్ ఏడాదికి ఒక్కసారే. మూడు గంటలు, 180 ప్రశ్నలు, 720 మార్కులు. బోటనీ, జువాలజీ కలిపి 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. చిన్న వయసులో బడిలో వేసిన పిల్లలకు ఇంటర్ అయినా ఈ ఒక్క నిబంధన అడ్డొస్తుంది, అందుకే పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ముందే చూసుకోవాలి. పైన వయోపరిమితి లేదు. ఒకప్పుడు పాతికేళ్ల హద్దు ఉండేది, 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఆ వెసులుబాటే కొన్ని ఇళ్లను ఏళ్ల తరబడి లాంగ్ టర్మ్ చుట్టూ తిప్పుతోంది.

సెకండియర్ పిల్లలు ఏప్రిల్‌లో నాతో అనే మాట ఒకటుంది: "ఈసారి రాయ మేడమ్. వచ్చేయేడు మంచిగ ప్రిపేరయి రాస్త." ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చి ఆఖరుకు అయిపోతే, మే మొదటి ఆదివారం దాకా ఇంచుమించు నలభై రోజులే. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా రాయాల్సిందే అంటాను.

మా తోడికోడలి కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ మెడిసిన్‌కు ఎంక్యాట్ రాయాలి. జనవరి నుంచి సెప్టెంబరు దాకా చాలా తేదీలుంటాయి, ఎవరికి కుదిరిన రోజు వాళ్లు ఎంచుకుంటారు. కానీ ఏడాదిలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మించి రాయకూడదు. పాత మార్కులు కూడా కాలేజీల వాళ్లకు కనిపిస్తాయి. అందుకని ఆ పిల్ల పూర్తిగా సిద్ధమయ్యాకే తేదీ పెట్టుకుంది. ఆమెకు అది సరైన పని. మన దగ్గర లెక్క వేరు. నీట్ మార్కులు ఆ ఒక్క ఏడాది అడ్మిషన్లకే చెల్లుతాయి. పోయినేడు నూట యాభై వచ్చిందని ఈ ఏడు కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు. మొదటిసారి రాస్తే పోయేది దరఖాస్తు ఫీజు, వరంగల్ దాకా బస్సు చార్జీ. వచ్చేది మాత్రం అసలు ప్రశ్నపత్రం మీద మూడు గంటల అనుభవం. ఎన్ని మాక్ టెస్టులు రాసినా అది రాదు.

వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఎవరి చేతుల్లోనూ లేదు. మన ప్రాంతం పిల్లలకు ఇది కొత్త కాదు. 2016లో తెలంగాణలో జులై 9న ఎంసెట్-2 రాసిన పిల్లలు, పేపరు లీకై అది రద్దవడంతో సెప్టెంబరు 11న ఎంసెట్-3 మళ్లీ రాశారు. మరుసటి ఏడు నుంచి మెడిసిన్‌కు మనకూ నీటే. కరోనా కాలంలో 2020, 2021 నీట్‌లు సెప్టెంబరుకు పోయాయి. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో ఫిజిక్స్ ఎంత కఠినంగా ఇచ్చారంటే దేశం మొత్తంలో మొదటి మార్కు 686. కాబట్టి "పక్కింటోళ్ల పిల్లకు రెండేండ్ల కింద గిన్ని మార్కులకు సీటొచ్చింది" అన్న లెక్క పనికిరాదు. ఒక ఏడాది మార్కును ఇంకో ఏడాది మార్కుతో పోల్చలేం. పోలిస్తే ర్యాంకునే పోల్చాలి.

ఇక ప్రశ్నపత్రం సంగతి. ఓఎంఆర్ షీటు హాల్లోనే ఇచ్చేయాలి, బుక్‌లెట్ మాత్రం పిల్లలది. 2025 మే నెలలో నడికూడ వైపు నుంచి ఒక పత్తి రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తాను పెట్టిన జవాబులన్నీ ఆ అమ్మాయి బుక్‌లెట్ మీద పెన్నుతో గుర్తుపెట్టుకుంది. కీ పక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. సరైనవి 88, తప్పులు 62, వదిలేసినవి 30. మొత్తం 290. ఆ ఏడాది కూడా అది కన్వీనర్ సీటుకు చాలే మార్కు కాదు.

ఆ 62 తప్పులను ఒక్కొక్కటిగా చూశాం. ప్రతి ప్రశ్న దగ్గరా "ఇదెందుకు తప్పయింది?" అని అడిగాను. ఒక జువాలజీ ప్రశ్నలో "సరికానిది గుర్తించండి" అని ఉంటే, మొదట కనిపించిన సరైన వాక్యానికే టిక్ పెట్టింది. ఆ పాఠం ఆమెకు కంఠతా వచ్చు. అలా తెలిసీ తప్పు చేసినవి 17 తేలాయి. ఇంకో 20 ఏమీ తెలియకుండా ఊరికే గీకినవి. మిగతా 25 అసలు చదవని పాఠాలవి. ఎక్కువ ఫిజిక్స్‌వే, ఫస్టియర్‌లో లెక్కలంటే భయపడి పక్కన పెట్టినవి. తెలిసినవి సరిగ్గా పెట్టి ఉంటే ఒక్కోదానికి ఐదు మార్కుల చొప్పున 85 కలిసేవి. ఊరికే గీకినవి వదిలేసి ఉంటే 20 మిగిలేవి. కొత్తగా ఒక్క పాఠం చదవకుండానే 395. ఆ 25 ప్రశ్నల పాఠాలకు ఏడాది సమయం ఉంది. తండ్రితో "పంపండి" అని నేను ధైర్యంగా అన్నది ఈ లెక్క చూసే.

ఇంకో అబ్బాయి లాంగ్ టర్మ్ అయిపోయి, రెండోసారి పోతానని వచ్చాడు. రెండేళ్ల బుక్‌లెట్లూ తెచ్చాడు. పోయినేడు తప్పు చేసిన పాఠాల్లోనే ఈ ఏడూ తప్పులు. అవన్నీ నాలుగైదుసార్లు చదివినవే. వదిలేసిన పాఠం ఒక్కటీ లేదు. ఇంకో ఏడాది అవే క్లాసుల్లో, అదే హాస్టల్ గదిలో కూర్చుంటే ఏం మారుతుందని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. ఎప్‌సెట్ రాసి ఉన్నాడు కాబట్టి ఆ ర్యాంకుతో అగ్రికల్చర్ బీఎస్సీలో చేరాడు. నీట్ రాసే ప్రతి పిల్లా ఎప్‌సెట్ కూడా రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. నీట్ ర్యాంకుతోనే బీఏఎంఎస్, బీహెచ్ఎంఎస్ సీట్లూ ఇస్తారు. వరంగల్‌లోనే ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉందన్న సంగతి మా పిల్లల్లో చాలామందికి తెలియదు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వినాల్సిన మాట కూడా ఒకటుంది. ఇంటర్‌కే విజయవాడ పంపితే మంచిదని మన దగ్గర గట్టి నమ్మకం. 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం, తెలంగాణ మెడికల్ సీట్లలో స్థానికులు కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లూ, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా, తెలంగాణలోనే చదివి ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను సమర్థించింది. ఇంటర్ ఇక్కడే పూర్తిచేసి లాంగ్ టర్మ్‌కు విజయవాడ పోతే ఇబ్బంది లేదు. ఇంటర్‌కే పోతే పరకాలలో పుట్టి పెరిగిన పిల్ల కూడా ఇక్కడ స్థానికేతరురాలవుతుంది.

స్థానిక హోదాకు ఇంత విలువ ఎందుకంటే, సీట్లు మన గుమ్మం దాకా వచ్చాయి. 1959లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే చాలాకాలం మన పక్క ప్రభుత్వ కాలేజీ. 2022లో మహబూబాబాద్, 2023లో భూపాలపల్లి, జనగామ, 2024లో ములుగు, నర్సంపేట వచ్చాయి. ప్రభుత్వ కాలేజీలో ఏడాది ట్యూషన్ ఫీజు పది వేలు, ప్రైవేటులో కన్వీనర్ సీటుకు అరవై వేలు. మేనేజ్‌మెంట్ సీటయితే ఏటా లక్షల్లో. కొద్దిలో ప్రభుత్వ సీటు పోయిన పిల్లకు ఒక ఏడాది ఆగడం నిజంగా లాభమే. ఆ కొద్ది ఎంతో తెలియకుండా ఆగితేనే నష్టం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది వేరే ఉంది. కొడుకైతే రెండోసారి, మూడోసారి కూడా అప్పు తెచ్చి పంపే ఇంట్లోనే, కూతురి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారితో సరి. "ఆడివిల్ల గదా మేడమ్, ఇంకో యేడు ఎట్ల?" అంటారు. తక్కువ మార్కులతో ఆగిన అమ్మాయిల బుక్‌లెట్లు చూస్తే, ఒక్క ఏడాది ఇస్తే సీటు తెచ్చుకునే వాళ్లు ఎంతోమంది కనిపిస్తారు. నడికూడ తండ్రి కూడా మొదట అదే మాట అన్నాడు. తప్పుల లెక్క రాసిన కాగితం ఆయన ముందు పెట్టి, ఈ 17 చూడండి, ఈ 20 చూడండి అని చెప్పాను. చదువుకోని మనిషి, అయినా ఆ లెక్క ఆయనకు వెంటనే అందింది. విత్తనాల డబ్బు కదిలించకుండా ఫీజు మూడు వాయిదాల్లో కడతానని కోచింగ్ వాళ్లతో తానే మాట్లాడుకున్నాడు. హనుమకొండలో హాస్టల్ చూసుకున్నారు.

ముందే కడితే తగ్గిస్తామని కోచింగ్ సెంటర్లు మే నెలలోనే తొందరపెడతాయి. లక్షకు పైమాటే అయ్యే ఖర్చుకు ఒక సాయంత్రం లెక్క చూసుకుని అడ్వాన్సు కట్టినా ఆలస్యమేమీ కాదు. పరీక్ష రాసిన మర్నాడే, ఏ జవాబు ఎందుకు పెట్టిందో పిల్లకు గుర్తుండగానే, ఆ బుక్‌లెట్ పట్టుకుని మీ ఊళ్లో సైన్సు చెప్పే ఎవరి దగ్గరికైనా వెళ్లండి. పరకాల చుట్టుపక్కల వాళ్లయితే మా ఇంటికి రండి. కాలేజీకి సెలవులైనా మే నెలంతా నేను ఊళ్లోనే ఉంటాను.