నీటిలో కరగని మందుకు ఆముదం ఆసరా

రొమ్ము, అండాశయ క్యాన్సర్ల చికిత్సలో వాడే ప్యాక్లిటాక్సెల్ మందు నీటిలో దాదాపుగా కరగదు. కరగని మందును రక్తనాళంలోకి ఎక్కించడం ప్రమాదకరం. ఈ చిక్కుకు సబ్బు సూత్రమే పరిష్కారం చూపింది.

సబ్బు అణువు ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును కోరుతుంది. ఇటువంటి అణువులు నీటిలో తగినన్ని చేరినప్పుడు జిడ్డు కొసలను లోపలికి ముడుచుకొని అతిసూక్ష్మ గోళాలుగా ఏర్పడతాయి. వీటినే మైసెల్స్ అంటారు. కరగని మందు వీటిలో ఒదిగి సెలైన్‌లో కలిసిపోతుంది.

1992లో అమెరికాలో అనుమతి పొందిన ఈ ఇంజెక్షన్‌లో మైసెల్స్ ఏర్పరచే పదార్థాన్ని ఆముదం నుంచే రూపొందించారు. తెలంగాణ మెట్ట రైతులకు చిరపరిచితమైన పంటే దీనికి మూలం. అయితే ఈ పదార్థం కొందరిలో తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. అందుకే ముందుగా స్టెరాయిడ్, అలర్జీ నిరోధక మందులు ఇస్తారు. రోగులు వీటిని మానరాదు. మందు ఎక్కుతుండగా ఆయాసం, దద్దుర్లు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే సిబ్బందికి తెలపాలి.

2005లో అమెరికాలో అనుమతి పొందిన మరో రకంలో ఈ పదార్థం లేదు. అందులో మందును అల్బుమిన్ అనే ప్రోటీన్‌తో జతచేశారు. రెండింటి మోతాదులు, జాగ్రత్తలు వేర్వేరు. కాబట్టి తమకు ఇస్తున్నది ఏ రకమో వైద్యుని అడిగి తెలుసుకోవడం మేలు.